వినేవారెవరో తేల్చుకున్నాకే రాయండి

విజయవాడ

గుంటూరులోని యువ మిత్రునికి ఆశీస్సులు.

మీ కథ చదివాను. బ్రాడీపేటలో రెండు గదుల వాటా, ముందు గదిలో అత్తగారు, లోపలి గదిలో పెళ్లయి ఏడాది తిరగని దంపతులు, మే నెల ఉక్కపోత. ఇంతవరకు మీ చేయి ఎక్కడా తడబడలేదు. దీపం ఆర్పిన తరువాతే చిక్కు వచ్చింది. చీకటి గదిలో కూడా మీరు మెడ వంపునూ చీర కుచ్చిళ్లనూ వర్ణిస్తూ పోయి, ఉద్రేకం పెరిగిందని చెప్పవలసిన చోట మూడు చుక్కలు, ఒక మూలుగు, మళ్లీ మూడు చుక్కలు పెట్టారు. కళ్లకు పని లేని గదిలో కథను నడపవలసింది చెవి. ఆ చెవికి మీరు ఇచ్చింది ఆ చుక్కలే. శృంగార సన్నివేశంలో శబ్దం గురించి రాయమని మీరే అడిగారు కనుక మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మూలుగును సుఖానికి కొలబద్దగా వాడకండి. గొంతు ఎంత పెరిగితే సుఖం అంత పెరిగినట్టు అన్నది సినిమాలూ చౌకబారు పుస్తకాలూ మనకు అలవాటు చేసిన లెక్క. 2011లో బ్రూవర్, హెండ్రీ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు 71 మంది స్త్రీలను ఈ విషయమే అడిగారు. వారి గొంతు ఎక్కువగా పలికింది తమ భావప్రాప్తి వేళ కాదని, భాగస్వామి స్ఖలనానికి కాస్త ముందూ, సరిగ్గా ఆ సమయంలోనూ అని తేలింది. అతణ్ని త్వరపెట్టడానికో, అతని ఆత్మవిశ్వాసం నిలబెట్టడానికో తెలిసే ఆ శబ్దం చేస్తామని వారిలో చాలామంది చెప్పారు. అంత కొద్దిమంది మాటను లోకంలోని ఆడవాళ్లందరికీ అంటగట్టకూడదు గానీ, రచయితకు పనికొచ్చే సంగతి అందులో ఒకటుంది. పడకగదిలో శబ్దం చాలాసార్లు ఎదుటి మనిషిని ఉద్దేశించి అన్న మాటే. దానిలో ప్రేమ ఉండవచ్చు, జాలి ఉండవచ్చు, త్వరగా నిద్రపోవాలన్న ఆత్రమూ ఉండవచ్చు. మీ కథానాయిక మూలిగినప్పుడు భర్తతో ఏమంటున్నదో మీకు తెలిసి ఉండాలి. తెలియకపోతే ఆ మూలుగు కొట్టేయండి.

మన పూర్వులు ఈ సంగతిని మనకంటే శ్రద్ధగా విన్నారు. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో ప్రహణనాన్నీ (సరసంలో వేసే దెబ్బ), సీత్కారాన్నీ (దానికి నోటివెంట వచ్చే ధ్వని) ఒకే అధ్యాయంలో కలిపి చెప్పాడు. తాకిడి ఒకరిదైతే బదులు మరొకరిది. హింకారం, స్తనితం, కూజితం, రుదితం అంటూ ధ్వనులను దేనికది విడదీసి, పావురం, కోకిల, చిలుక, తుమ్మెద, హంస చేసే ధ్వనులను కూడా వాటి సరసన చేర్చాడు. 'అమ్మా', 'చాలు', 'వదులు' అనే అర్థమిచ్చే మాటలకూ ఆ పట్టికలో చోటిచ్చాడు. ఇక్కడ మాత్రం నేను ఆయన వెంట కొంతదూరమే నడుస్తాను. 'వదులు' అన్నది సరసానికే అంటారన్న ధీమా మన కథల్లోకీ సినిమాల్లోకీ మరీ లోతుగా పాకింది. మీ కథలో 'వద్దు' అన్న మాట వస్తే, భర్త చెయ్యి ఆగిందో లేదో ఆ వెంటనే రాయండి. ఆగాక ఆమె నవ్వితే అది సరసమని పాఠకుడికి తెలుస్తుంది. చెయ్యి ఆగనే లేదంటే మీరు రాస్తున్నది వేరే కథ.

వినేది ఎదుటి మనిషి ఒక్కరే కారు. సంస్కృత కవి అమరుకుని శ్లోకం ఒకటుంది. రాత్రి దంపతులు అనుకున్న మాటలను ఇంటి చిలుక విని, పొద్దున్నే పెద్దల ముందు ఏకరువు పెట్టబోతుంది. సిగ్గుతో చితికిపోయిన కోడలు చెవికమ్మలోని కెంపును తీసి, దానిమ్మగింజ పెడుతున్నట్టు నటిస్తూ దాని ముక్కుకు అందించి నోరు మూయిస్తుంది. రాత్రి వినిపించిన మాట ఒక్కటి కూడా కవి చెప్పలేదు. విన్నదెవరో, ఎవరి చెవిన పడకూడదో చెప్పాడు, అంతే. రాత్రంతా మనకు తెలిసిపోతుంది. మీ కథలో అత్తగారు ఉన్నారు గానీ ఆవిడకు మీరు చెవులు పెట్టలేదు.

ఎవరైనా వింటారేమోనన్న భయాన్ని శాస్త్రమూ పట్టించుకుంది. లైంగిక ఉద్రేకాన్ని రేపే వ్యవస్థ ఒకటి, అణచే వ్యవస్థ మరొకటి మనిషిలో ఉంటాయని జాన్సెన్, బాన్‌క్రాఫ్ట్ ప్రతిపాదించారు. 2002లో వారు తోటి పరిశోధకులతో కలిసి వెలువరించిన ప్రశ్నావళిలో, ఇతరులకు వినబడుతుందనుకుంటే ఉద్రేకం నిలవదన్న వాక్యమూ ఉంది. ఉలిక్కిపడినప్పుడు ఒంట్లో పెరిగే అడ్రినలిన్ జననాంగాల రక్తనాళాలను బిగిస్తుంది. ఉద్రేకానికి ఆ నాళాలు సడలాలి. కనుక ముందు గదిలో దగ్గు వినబడ్డాక కూడా మీ కథానాయకుడు ఏమీ జరగనట్టు కొనసాగడం ఒళ్లు ఒప్పుకునే పని కాదు. అందరూ ఒకే తీరు అనను. దొరికిపోతామన్న భయమే ఉత్సాహమయ్యేవారూ ఉన్నారు. ఈ దంపతుల్లో ఒకరు అటువంటివారు, మరొకరు కాదు అనుకోండి, కథ అక్కడే దొరుకుతుంది.

మీ గదిలో ఫ్యాను ఉంది. దాన్ని మీరు గాలికే వాడుకున్నారు. ఇటువంటి వాటాల్లో ఫ్యాను చేసే అసలు పని మాటను కప్పడం. టకటకా కొట్టుకునే పాత సీలింగ్ ఫ్యాను కింద దంపతులు అనుకున్నది గుమ్మం దాటదు. ఇప్పుడు కరెంటు తీసేయండి. రెక్కలు నెమ్మదించి ఆగేసరికి నవారు మంచం కిర్రుమంటుంది, పక్క వాటాలో పసివాడు లేచి ఏడుస్తాడు, ముందు గదిలో అత్తగారు విసనకర్ర కోసం తడుముకుంటారు. కథానాయికకు చేతినిండా గాజులు. చప్పుడు కాకుండా ఆమె వాటిని ఒక్కొక్కటే మోచేతి వైపుకు తోసి, బిగిసేదాకా ఎక్కించి, చెయ్యి కదపకుండా ఉంచుతుంది. భర్త దాన్ని చూడలేదు, విన్నాడు. ఆఖరి గాజు కూడా పైకి వెళ్లిందంటే ఆమె లేచి వెళ్లడం లేదని, ఆగుదామనీ అనడం లేదని అతనికి అర్థమైంది. ఉద్రేకం అక్కడుంది. దానికి మూలుగు అక్కర్లేదు.

గొంతు నడకను కూడా కొంత తెలుసుకోండి. 1948లో మొదలైన మా ఊరి ఆకాశవాణి కేంద్రానికి నేను చాలాకాలం నాటకాలు రాశాను. ప్రణయ సంభాషణ వచ్చిందంటే నటులను మైకు దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి చెప్పమనేవారు. అక్కడి మైకుకు దగ్గరైనకొద్దీ గొంతులోని మంద్రం బరువెక్కి, చెప్పేవాడు శ్రోత దిండు పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. గుసగుస అలా కాదు. అందులో స్వరతంత్రులు కంపించవు కనుక శ్రుతి ఉండదు, గాలే మాటవుతుంది, చెవికి దాదాపు ఆనితేనే అందుతుంది. 'గుసగుసగా అన్నాడు' అని రాసి ఇద్దరినీ గదిలో చెరో మూల నిలబెడితే ఎవరూ నమ్మరు. గోడ దాటే శబ్దానికీ ఒక పద్ధతి ఉంది. మంద్ర ధ్వనులు గోడలోంచి సులువుగా వస్తాయి. సకారాలు, చకారాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. అందుకే అవతలి గదిలోవారికి మాట తెలియదు, మాట్లాడే తీరు తెలుస్తుంది. కొడుకు ఏమన్నాడో అత్తగారికి వినబడదు. తన దగ్గర ఎన్నడూ వాడని గొంతుతో అతను మాట్లాడటం మాత్రం వినబడుతుంది. భర్త పోయిన ఆ మనిషికి ఆ గొంతు ఏమి గుర్తు చేసిందో మీరు రాయలేదు. ఒక పేరా చాలు.

ఇక కథ చివర దంపతులను అమరావతి రోడ్డులో సొంత ఫ్లాట్‌కు మార్చి, ఏసీ వేసి కిటికీలు మూసి, ఆ రాత్రే ఆమె గొంతు విప్పిందని రాశారు. ఇది నాకు నమ్మశక్యంగా లేదు. నోరు నొక్కుకోవడం అన్నాళ్ల పాటు ఒంటికి పట్టిన మనిషి, తలుపుకు గడియ పడగానే దాన్ని విడిచిపెట్టదు. వినేవారు లేరని తెలిసినా దిండును పళ్ల మధ్య బిగించే ఉంటుంది. అటు భర్తేమో, అంత డబ్బు పోసి కొన్న ఇంట్లో కూడా ఆమె మౌనంగా ఉన్నదంటే లోపం తనలోనే ఉందనుకునే రకంగా మీరు మొదటి నుంచీ తీర్చారు. అతను అడుగుతాడా, ఆమె చెబుతుందా, చెప్పడానికి ఆ ఇంట్లో ఏ వేళ దొరుకుతుంది? ఈ భాగం రాసి పంపండి, చదువుతాను.

మీ శ్రేయోభిలాషి