మైత్రీ ధ్యానంలో బాబాయి దగ్గరే ఆగిపోతున్నారా?
పది రోజులుగా మైత్రీ ధ్యానం (ఒక్కొక్కరినీ తలుచుకుని వాళ్లకు మంచి జరగాలని మనసులో కోరుకోవడం) చేస్తున్నా పొలం తగాదా పెట్టిన బాబాయి గుర్తొస్తే ఒళ్లు మండుతోంది, ఇదంతా దండగేనా అన్నారు కదండీ. దండగేం కాదు, మీరు ఆఖరి మెట్టు ముందే ఎక్కేస్తున్నారు. ముందు బాగా ఇష్టమైన మనిషి, తర్వాత మీరు, ఆపైన ముక్కూమొహం తెలియనివాళ్లు. బాబాయి వంతు చివర్న.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇదే వరుసలో రోజుకు 30 నిమిషాలు, 2 వారాలు కరుణా ధ్యానం (బాధ తీరాలని కోరుకునే ధ్యానం) చేయించారు. ఫలితాలు 2013లో వచ్చాయి. డబ్బుల ఆటలో అన్యాయమైపోయిన అపరిచితుడి కోసం వీళ్లు, వేరే శిక్షణ తీసుకున్నవాళ్లకంటే సొంత సొమ్ము ఎక్కువ వదులుకున్నారు. అలా వదులుకున్నవాళ్లలో, ఎదుటివాళ్ల బాధను గ్రహించే, భావోద్వేగాన్ని అదుపుచేసే మెదడు భాగాల స్పందన మారింది. చిన్న అధ్యయనమే లెండి.

ఈ వారం బాబాయిని పక్కన పెట్టి, బాగా ఇష్టమైన మనిషితో మొదలెట్టి, రోజూ పాలు పోసే ఆయన దాకా వెళ్లండి.