సీరియల్ పోర్టుకు కాలం చెల్లిందా?

తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉందని పాత డెస్క్‌టాప్‌ను ఇంకా అట్టిపెట్టుకోవాలా, యూఎస్‌బీ కన్వర్టర్‌తో పని కానిచ్చేయొచ్చా అని అడిగారు. ఆఫీసు పనికైతే ఆ పోర్టు ఎప్పుడో పోయింది. సీఎన్‌సీ మెషీన్లు (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో లోహాన్ని కోసేవి) నడిపేవాళ్లకు మాత్రం ఆ మెషీన్ తుక్కుకు వెళ్లేదాకా పోదు. ల్యాప్‌టాప్ కంపెనీలు పోర్టు పీకేసినంత మాత్రాన హైదరాబాద్ బాలానగర్ షెడ్డులోని మెషీన్‌ను నడిపే పాత కంట్రోల్‌కు యూఎస్‌బీ మొలవదు.

ఫానుక్ కంపెనీ పాత కంట్రోల్ 0-ఎం సంగతే చూడండి. దాని మెమరీని, ఒకప్పుడు ప్రోగ్రాములను రంధ్రాలుగా గుద్దిన పేపర్ టేప్ మీటర్లలో చెప్తారు: 80 మీటర్లంటే 32 కేబీ. డిజైన్‌ను మెషీన్ ప్రోగ్రామ్‌గా మార్చే క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో తీసిన డై (అచ్చు) ప్రోగ్రామ్ ఎంబీల్లో ఉంటుంది. అది మెమరీలో పట్టదు కాబట్టి ఒకవైపు కటింగ్ జరుగుతుంటే మరోవైపు పీసీ నుంచి కొంచెం కొంచెంగా పంపాలి. వచ్చిన అక్షరాలు తాత్కాలికంగా ఆగే బఫర్ నిండగానే కంట్రోల్ డీసీ3 అనే కోడ్ పంపుతుంది, అంటే ‘ఆపు’ అని. ఆ తర్వాత పది అక్షరాలు దాటకుండా పీసీ ఆపేయాలి. ఆపకపోతే 087 అలారం వచ్చి మెషీన్ ఆగిపోతుంది, టూల్ నిలబడ్డ చోట జాబ్ (కోస్తున్న ముక్క) మీద మచ్చ పడుతుంది.

చవక కన్వర్టర్లు దెబ్బతీసేది ఇక్కడే. డీసీ3ని చిప్ పట్టించుకోకుండా డ్రైవర్‌కు వదిలేస్తే, పీసీ తెలుసుకునేలోపు చిప్ బఫర్‌లో ఉన్న అక్షరాలన్నీ వెళ్లిపోతాయి. ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఉన్న కన్వర్టరైతే ఆపే పని చిప్పే చేయగలదు. ప్రోగ్రామ్ పంపే సాఫ్ట్‌వేర్‌లో ఎక్సాన్/ఎక్సాఫ్ (‘పంపు’, ‘ఆపు’ కోడ్‌లను పాటించే పద్ధతి) ఆన్ చేసి, విండోస్ డివైస్ మేనేజర్‌లో లేటెన్సీ టైమర్‌ను 16 నుంచి 1 మిల్లీసెకనుకు తగ్గించండి.

అసలు పోర్టున్న డెస్క్‌టాప్ అయితే నిశ్చింత అనుకోకండి. ఆ పోర్టును నడిపే 16550 చిప్‌లో ఫైఫో (పంపాల్సిన అక్షరాలు వరుసలో ఆగే చోటు) 16 బైట్లు, కంట్రోల్ ఓర్చుకునేది పది అక్షరాలు. పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ట్రాన్స్‌మిట్ బఫర్‌ను 1కి దించండి.

కేబుల్ మార్కెట్లో రెడీమేడ్‌గా కొనకండి, మీరే సోల్డర్ చేసుకోండి. పీసీ వైపు 9 పిన్ను, మెషీన్ వైపు 25 పిన్ను కనెక్టర్. 2 నుంచి 2కి, 3 నుంచి 3కి, పీసీ 5 నుంచి మెషీన్ 7కి. మెషీన్ వైపు 4-5 ఒక జంపర్, 6-8-20 ఇంకో జంపర్. పీసీ వైపు 7-8, 1-4-6. 6-8-20 మరిచిపోతే 086 అలారం. 085 వస్తే బాడ్ రేటో (పంపే వేగం) పారిటీయో (తప్పుల్ని పట్టే అదనపు బిట్) కలవలేదని అర్థం: రెండువైపులా 4800, 7 బిట్లు, ఈవెన్, 2 స్టాప్ బిట్లు పెట్టి, అది నిలకడగా నడిచాకే 9600కి పెంచండి. మెషీన్ పవర్ ఆన్‌లో ఉండగా కేబుల్ పెట్టడం, తీయడం చేస్తే పోర్టు కాలిపోవచ్చు. కంట్రోల్ బోర్డు రిపేరుతో పోల్చితే పీసీకీ మెషీన్‌కూ మధ్య కరెంటు దాటనివ్వని ఐసొలేటెడ్ కన్వర్టర్ ధర ఏపాటిది?

ఇక కన్వర్టర్ల అట్టపెట్టె మీద చిప్ పేరు ఎందుకు వేయరో! నిన్నటిదాకా పనిచేసిన పాత పీఎల్2303 చిప్ కన్వర్టర్ విండోస్ అప్‌డేట్ రాగానే ‘కోడ్ 10’ అని చతికిలబడుతుంది. కొత్త డ్రైవర్ పాత చిప్‌ను ఒప్పుకోదు, అంతే. పాత పోర్టులు చెప్పినంత తేలిగ్గా పోవు: మానిటర్లు, ప్రొజెక్టర్లు తగిలించే వీజీఏను 2015 నాటికి వదిలించుకుంటామని ఇంటెల్, ఏఎండీ 2010లోనే ప్రకటించాయి. క్లాసురూము ప్రొజెక్టర్ల వెనక చూడండి, నీలం సాకెట్ ఇంకా ఉంది.

మీ ప్రశ్నకొస్తే, డెస్క్‌టాప్ తీసేసే ముందు మెషీన్ పారామీటర్లన్నీ (కంట్రోల్‌లోని సెట్టింగులు) ఆ పోర్టులోంచే దింపి రెండు చోట్ల దాచండి. కంట్రోల్ బ్యాటరీ అయిపోతే అవి పోతాయి, తిరిగి ఎక్కించడానికీ అదే దారి. బ్యాటరీ మాత్రం పవర్ ఆన్‌లో ఉంచే మార్చాలి.