పొలం ఫర్మ్ పేరున ఉందా, మీ పేరున ఉందా? ముందు అది చూడండి

మీరు అడిగింది: "చిన్న మిల్లు నడుపుతున్నాం. ఊరి పక్కన ఉన్న పొలం అమ్మి వ్యాపారం అప్పు తీర్చాలనుకుంటున్నాం. క్యాపిటల్ గెయిన్స్ కట్టకుండా 54బి వాడుకోవచ్చా?" క్యాపిటల్ గెయిన్స్ అంటే భూమి అమ్మిన లాభం మీద పన్ను; 54బి అంటే ఆ లాభంతో మళ్లీ సాగు భూమి కొంటే ఆ పన్ను నుంచి మినహాయింపు ఇచ్చే ఆదాయపు పన్ను సెక్షన్. అది వచ్చేదీ రానిదీ డాక్యుమెంటు మీద ఎవరి పేరు ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. మాకు రెండూ అనుభవమే, అందుకే రాస్తున్నాను.

తెనాలి దగ్గర అన్నయ్యా నేనూ పార్ట్‌నర్‌షిప్‌లో మినప్పప్పు మిల్లు నడుపుతాం. 2024 డిసెంబరులో ఒకే కొనుగోలుదారుకి రెండు ముక్కలు అమ్మాం. ఒకటి నాన్నగారి నుంచి నాకు వచ్చిన 60 సెంట్ల మాగాణి, 80 లక్షలు. రెండోది ఫర్మ్ పేరున 2009లో 4 లక్షలకు కొన్న 25 సెంట్లు, 34 లక్షలు. పక్కపక్క భూములే, కానీ పన్ను లెక్కకి వచ్చేసరికి రెంటికీ పోలికే లేదు.

అసలు మీ పొలం పన్ను పరిధిలో ఉందో లేదో తేల్చుకోండి. మున్సిపాలిటీ హద్దు లోపల ఉంటే పన్ను ఉంటుంది. బయట ఉంటే జనాభాను బట్టి దూరం చూస్తారు: పది వేలు దాటి లక్ష వరకు 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల వరకు 6, ఆపైన 8. ఇది రోడ్డు మీద కొలిచే దూరం కాదు, గీత గీసినట్టు నేరుగా చూసే దూరం. అంతకంటే అవతల నిజంగా సాగులో ఉన్న పొలమైతే పన్ను గొడవే లేదు, అది ఫర్మ్‌దైనా సరే. తెనాలి జనాభా లక్ష దాటింది కాబట్టి మేం 6 కిలోమీటర్ల లోపే తేలాం.

54బి వ్యక్తులకీ, హిందూ అవిభక్త కుటుంబానికీ మాత్రమే. ఫర్మ్‌కీ, కంపెనీకీ లేదు. పైగా మా ఫర్మ్ ముక్కలో పప్పు ఆరబోసే కళ్లం తప్ప సాగు లేదు. దాని లాభం 30 లక్షలు. 12.5 శాతం చొప్పున 3.75 లక్షలు కట్టాల్సింది, అది తప్పించుకోవడానికి 54ఈసీ బాండ్లలో (భూమి లాభం పెడితే పన్ను మినహాయింపు ఇచ్చే బాండ్లు) ఆ 30 లక్షలూ పెట్టాం. ఇవి ఎవరైనా కొనుక్కోవచ్చు. అమ్మిన ఆరు నెలల్లోపు కొనాలి, పరిమితి 50 లక్షలు, ఐదేళ్లు కదపకూడదు. మీరు ఫర్మ్ భూమి అమ్మి అప్పు తీర్చాలంటే ఇక్కడే చిక్కు: బాండ్లలో పెట్టిన డబ్బు అప్పుకి రాదు.

"అమ్మే ముందు భూమిని పార్ట్‌నర్ల పేరుకి మార్చేయండి" అని మాకూ ఓ పెద్దమనిషి చెప్పాడు. ఫర్మ్ రద్దు చేసో, వాటాలు మార్చో భూమిని పార్ట్‌నర్‌కి ఇస్తే అదే అమ్మకంగా లెక్కేసి ఫర్మ్ మీద పన్ను వేసే 9బి ఉందని ఆడిటర్‌గారు అక్కడే ఆపేశారు.

ఇక నా 60 సెంట్లు. కొన్న ధర కింద లెక్కేసిన 2001 ఏప్రిల్ 1 నాటి విలువ 3 లక్షలు (ఆనాటి రిజిస్ట్రేషన్ విలువ దాటకూడదు). ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలను బట్టి పాత విలువను పెంచి లెక్కేయడం) 20 శాతం అయితే పన్ను 13.82 లక్షలు, ఇండెక్సేషన్ లేకుండా 12.5 శాతం అయితే 9.62 లక్షలు, సెస్ అదనం. పాత భూమి కదా అని ఇండెక్సేషనే లాభమనుకుంటారు, ధర ఇంతలా పెరిగిన చోట అది తిరగబడుతుంది.

54బికి అమ్మే ముందు రెండేళ్లు నేను గానీ మా అమ్మానాన్నలు గానీ సాగు చేసి ఉండాలి. అడంగల్, ఈ-క్రాప్ నమోదు ఇచ్చాను. ఆడిటర్‌గారికి బాగా నచ్చింది మాత్రం మా మిల్లు కాటా చీటీ: నా పేరున నాలుగు క్వింటాళ్ల మినుములు, బరువు, రేటు, తేదీ. కౌలుకిచ్చిన భూమి అయితే ఈ మినహాయింపు మీద వివాదం వస్తుంది, ముందే అడగండి.

కొత్త పొలం కొనడానికి రెండేళ్ల గడువుంది. కానీ రిటర్ను గడువులోపు కొనకపోతే డబ్బుని క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మామూలు ఎఫ్‌డీ చెల్లదు. మా బ్యాంకు బ్రాంచిలో ఆ ఖాతా ఎవరూ తెరిచినట్టు లేరు, ఫారం ఎ కోసం మూడుసార్లు తిరిగాను. గడువు దగ్గరపడే కొద్దీ ఒకటే టెన్షన్. అమృతలూరు వైపు చూసిన పొలం 60 లక్షలకి వస్తుందని 60 లక్షలే వేశాను. మొత్తం 77 లక్షల లాభంలో మిగతా 17 లక్షలకి 54ఈసీ బాండ్లు కొనాల్సింది, ఆరు నెలలు జూన్‌తో అయిపోయాయని సెప్టెంబరులో గుర్తొచ్చింది. సెస్‌తో కలిపి 2,21,000 కట్టాను. అన్నయ్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు.

2026 జనవరిలో ఆ పొలం రిజిస్ట్రేషన్ అయింది, నా ఒక్కడి పేరు మీదే. మూడేళ్లు అమ్మకూడదు. బయానా మాత్రం ఇచ్చేదైనా పుచ్చుకునేదైనా బ్యాంకు ద్వారానే: 20 వేలు అంతకు మించి నగదుగా పుచ్చుకుంటే అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు.

నేను చెప్పిన సెక్షన్లు 1961 చట్టంవి. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టంలో నంబర్లు వేరు, మీ ఆడిటర్‌ని నంబరుతో కాకుండా విషయంతో అడగండి. మీ డాక్యుమెంటు ఎవరి పేరున ఉందో, మున్సిపాలిటీ హద్దుకి ఎంత దూరమో ఇక్కడ రాస్తే ఇంకొంచెం చెప్పగలను.