మానేసే రోజు గురించి ముందే ఆలోచించు

చి. ల. సౌ. అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

హార్మోన్ మందు మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నలుగురి మాటలు విని జంకకుండా డాక్టరునే అడిగావు, అదే నాకు గర్వం. ముట్లు ఆగి ఏడాదే అయింది, నీకింకా 51. సమయం మంచిదే. అరవై దాటాక కొత్తగా మొదలుపెడతానంటే మాత్రం వద్దనేదాన్ని.

మామోగ్రామ్, బీపీ ముందే చూపించుకో. గర్భసంచి ఉంది కాబట్టి ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు, ప్రొజెస్టరాన్ తోడుండాలి. లేకపోతే లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయొచ్చు.

నా బెంగంతా నువ్వు మందు మానేసే రోజు గురించే. 2002లో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ వాళ్లు ఈ రెండు హార్మోన్ల పరిశోధనను మధ్యలో ఆపేశారు. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం పెరిగాయని పేపర్లలో రాగానే లక్షలమంది ఆడవాళ్లు మాత్రలు అవతల పారేశారు. కానీ ఆ పరిశోధనలో చేరినవాళ్ల సగటు వయసు 63, నీకంటే బాగా పెద్దవాళ్లు. అదే పరిశోధనలో తుంటి విరగడం మూడోవంతు తగ్గిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఎముకను తినే కణాలకు ఈస్ట్రోజెన్ కళ్లెం. కళ్లెం వదిలేస్తే, ముట్లు ఆగిన కొత్తలో లాగే ఎముక మళ్లీ గబగబా కరుగుతుంది. ముట్లు ఆగినప్పటి వేడి ఆవిర్లు తిరిగొస్తే ఒంటికి తెలుస్తుంది. ఎముక కరిగితే తెలియదు, నొప్పే ఉండదు. జారిపడ్డాకే తెలుస్తుంది. మీ అమ్మ తుంటి విరిగింది కదా, నీకు ముప్పు ఇంకాస్త ఎక్కువ.

అందుకే, నీ అంతట నువ్వు మానావో ఊరుకోను! ముందు ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ తీయించు. అవసరమైతే ఎముక కరగకుండా ఆపే అలెండ్రోనేట్ మాత్ర ఇస్తారు: 70 మిల్లీగ్రాములు, వారానికొకటి, పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో. అరగంట దాకా నడుం వాల్చకు, అన్నవాహిక పుండవుతుంది. కాఫీ కూడా ఆ తర్వాతే.

విటమిన్ డి 60,000 యూనిట్లది వారానికొకటే, అదీ చెప్పినన్ని వారాలే. రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. థైరాయిడ్ మాత్రకూ కాల్షియం మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉంచు, తల్లీ.

బాత్రూంలో గోడకు కడ్డీ వేయించు, ఈ వారమే.

డెక్సా రిపోర్టు వచ్చాక తుంటి దగ్గరి టీ-స్కోరు, అంటే ఎముక గట్టిదనాన్ని చెప్పే అంకె, రాసి పంపు. వెన్ను అంకె ఒక్కటే చూసి సంబరపడకు. వయసుతో వెన్నుపూసలు అరిగి అక్కడ ఎముక పెరిగితే, లేని బలం ఉన్నట్టు చూపిస్తుంది.

మీ పెద్దమ్మ