నీటి సంఘం లెక్కలు తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: మాది కోనసీమలో కాలువ శివారు గ్రామం. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు మా పంట కాలువలో గుర్రపుడెక్క తొలగించి, పూడిక తీసినట్లు నీటి సంఘం పేరిట బిల్లులు అయ్యాయి. ఇప్పుడు కాలువ నిండా గుర్రపుడెక్కే ఉంది, చేలకు నీరు ఎక్కడం లేదు. అడిగితే అధ్యక్షులు మండిపడుతున్నారు. ఊరు రెండు వర్గాలైంది. సొమ్ము దుర్వినియోగమైందో లేదో ఎలా తేలుతుంది?
– ఒక రైతు, అమలాపురం ప్రాంతం

జవాబు: మీ అనుమానంలో రెండు పనులు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీయండి. గుర్రపుడెక్క రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు కనుక, నీరు వదిలాక అది కనిపించడం వేసవిలో తీయలేదనడానికి రుజువు కాదు. ఆ ఫొటో ఒక్కటే పట్టుకుని రచ్చకెక్కితే మొదటి మాటలోనే తేలిపోతారు. పూడిక సంగతి వేరు: అది నెల రోజుల్లో మళ్లీ మేట వేయదు, తీసిన మట్టి గట్టు మీదో, ఎవరి దిబ్బ మీదో ఉండాలి. అయితే పారే కాలువలో అడుగు కొలవడం కష్టం కాబట్టి ప్రస్తుతానికి మీకు ఆధారం కాగితమే.

సమాచార హక్కు చట్టం, 2005 కింద జలవనరుల శాఖ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేసి, పని అంచనా, పనికి ముందూ తరువాతా తీసిన లెవెల్స్ (కాలువ అడుగు మట్టాలు), ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, బిల్లుల నకళ్లు కోరండి. ‘వివరాలన్నీ ఇవ్వండి’ అని రాస్తే ఏమీ రాదు. ఏ కాలువ, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, ఏ సంవత్సరమో స్పష్టంగా రాయండి. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే ఆపై 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయవచ్చు. ఎం.బుక్‌లో పొడవు, వెడల్పు, లోతులతో పాటు కొలిచిన తేదీ, సంతకం ఉంటాయి. నేనైతే ముందు తేదీయే చూస్తాను. నీరు వదిలిన తరువాత పూడిక కొలిచినట్లుంటే ఎలా కొలిచారని అడగాలి. ఆ కొలతలకు పూచీ ఇంజనీరుది కూడా, ఫిర్యాదులో అధ్యక్షులను ఒక్కరినే దోషిగా రాయడం న్యాయం కాదు.

నకళ్లు అందాక, సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదివి వినిపించాలని సంఘానికి రాతపూర్వకంగా కోరి, అందినట్లు సంతకం తీసుకోండి. అక్కడ తేలకపోతే, సభ్యుడికీ పాలకవర్గానికీ మధ్య వివాదాన్ని 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం ప్రకారం నీటి సంఘాలకు పై అంచె అయిన డిస్ట్రిబ్యూటరీ కమిటీ ముందు పెట్టవచ్చు. దొంగ కొలతలని కాగితాల్లోనే బయటపడితే అది సంఘం గొడవ కాదు, నేరుగా కలెక్టరుకు ఫిర్యాదు చేయవలసిన విషయం. ఈలోగా, వచ్చే కట్టివేతలో కాలువ ఎండగానే రెండు వర్గాల రైతుల సమక్షంలో అడుగు కొలిపించాలని ఇంజనీరుకు ఇప్పుడే దరఖాస్తు ఇచ్చి ఉంచండి.