వెలిగిన ప్రతి చుక్కా క్యాన్సర్ కాదు

ప్రశ్న: మా అక్కకు రొమ్ము క్యాన్సర్. హెర్2 పాజిటివ్, దూకుడుగా పెరిగే రకం అన్నారు. ఇప్పుడు కాలేయంలో చిన్న మచ్చ కనిపించింది, మళ్లీ బయాప్సీ అంటున్నారు. సూది గుచ్చకుండా స్కాన్‌లోనే తేలదా డాక్టర్ గారూ?

జవాబు: అక్క గురించి మీ టెన్షన్ అర్థమైందమ్మా. మామూలు పెట్ స్కాన్‌లో ఎక్కించేది గ్లూకోజ్ లాంటి పదార్థం. ఆకలి మీదున్న కణాలు దాన్ని లాగేసుకుని వెలుగుతాయి. ఇన్ఫెక్షన్ ఉన్నచోటా వెలుగుతుంది. అది ఏ రకం క్యాన్సరో మాత్రం చెప్పదు.

మీరు అడిగే స్కాన్ కూడా ఉంది. హెర్2 అంటే కొన్ని క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే ప్రోటీన్. దానికి మందుగా వాడే ట్రాస్టుజుమాబ్‌కే జిర్కోనియం-89 అనే రేడియోధార్మిక పదార్థం తగిలించి ఎక్కిస్తారు. అది వెతుక్కుంటూ వెళ్లి హెర్2 ఉన్న కణాలకు అతుక్కుంటుంది. అణువు పెద్దది, నడక నెమ్మది. అందుకే ఇంజెక్షన్ చేసిన 4, 5 రోజులకు గానీ ఫొటో తీయరు. జిర్కోనియం సగానికి తగ్గడానికి సుమారు 78 గంటలు పడుతుంది కాబట్టి అన్నాళ్లు ఆగినా సరిపోతుంది. ఒకే మనిషిలో ఒక గడ్డ వెలిగి, పక్కది వెలగకపోవడమూ ఉంటుంది. నాకు ఈ స్కాన్‌లో నచ్చేది అదే.

మీ అక్క విషయంలో చిక్కల్లా కాలేయమే. ఈ మందును ఆరోగ్యంగా ఉన్న కాలేయమూ బాగా పీల్చుకుంటుంది. ఆ వెలుగులో చిన్న మచ్చను పోల్చుకోవడం కష్టం. పైగా ఈ స్కాన్ ఎక్కువగా పరిశోధనల్లోనే వాడుతున్నారు. కొత్తచోట చేరిన క్యాన్సర్‌లో హెర్2 మారిపోవచ్చు కూడా. బయాప్సీకి ఒప్పుకోండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.