స్టోర్ నుంచి ఇంటికొచ్చాక మాట పెగలడం లేదు

ప్రశ్న: నేను ఒక పెద్ద రిటైల్ స్టోర్‌లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పనిచేస్తున్నాను. ఇంటికి వచ్చాక ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. పాప దగ్గరికి వస్తే విసుక్కుంటున్నాను, తర్వాత ఏడుపొస్తోంది. "ఏసీలో నిలబడి నవ్వడానికే ఇంత నీరసమా?" అంటారు మావారు. ఈ మధ్య ధర విషయంలో ఒక కస్టమర్ అందరి ముందూ నన్ను దొంగ అన్నారు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. ఉద్యోగం మానేయమంటారా?

జవాబు: పాపను విసుక్కున్నందుకు మీరు పడుతున్న బాధే మీలో ప్రేమ తగ్గలేదని చెబుతోంది. తగ్గింది ఓపిక. ఆ ఓపికను మీరు రోజంతా జీతం కోసం ఖర్చు చేసి వస్తున్నారు. ఇంట్లోవాళ్లు మీ నుంచి ఆశించేది కూడా సరిగ్గా అదే కాబట్టి, వారి కంట పడేది ఆ ఓపిక మిగలకపోవడం మాత్రమే. ఉద్యోగం కోసం లోపలి కోపాన్ని, బాధను అణచుకుని ముఖాన చిరునవ్వు నిలుపుకోవడం కూడా శ్రమేనని అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే విమాన సిబ్బంది పనిని పరిశీలించి వివరించారు. కౌంటర్ దగ్గర పనిచేసేవారికి అది అక్షరాలా వర్తిస్తుంది.

మిమ్మల్ని దొంగ అన్న సంఘటన గురించి కొంచెం వివరంగా మాట్లాడతాను, ఎందుకంటే మీ నిద్రను చెడగొడుతున్నది అదే. చాలాసార్లు ఆఫర్ గడువు ముగిసినా షెల్ఫ్ మీద పాత ధర చీటీ అలాగే ఉండిపోతుంది, బార్‌కోడ్ స్కాన్ చేయగానే సిస్టమ్‌లో కొత్త ధర పడుతుంది. ఆ చీటీ మార్చవలసింది మీరు కాదు, సిస్టమ్‌లో ధర ఎక్కించింది కూడా మీరు కాదు. బిల్లు సరిచేయాలంటే సూపర్‌వైజర్ వచ్చి తన లాగిన్‌తో అనుమతి ఇవ్వాలి. ఆయన వచ్చేదాకా వెనుక క్యూలో ఉన్నవాళ్లందరూ మీ ముఖం వైపే చూస్తుంటారు. ఎక్కడో జరిగిన పొరపాటుకు ఎదురుగా కనిపించే మనిషి మాట పడవలసి రావడం ఈ పనిలోని అన్నింటికన్నా పెద్ద అన్యాయమని నా అభిప్రాయం. ఆ మాట మీ నిజాయితీ మీద తీర్పు కాదు. అయినా అది మనసులో గుచ్చుకోవడం సహజమే, అందుకు మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోకండి.

మళ్లీ అలాంటిది జరిగితే వాదనకు దిగవద్దు, మరీ ప్రాధేయపడనూ వద్దు. "ధర మార్చే వీలు నాకు లేదండీ, సూపర్‌వైజర్‌ను పిలుస్తున్నాను" అని ఒక్కసారి చెప్పి, ఆయన వచ్చాక పక్కకు తప్పుకోండి. జరిగిన సంగతిని తేదీ, సమయంతో సహా రాసి మేనేజర్‌కు ఇవ్వండి. పనిచేసే చోట హింస, వేధింపులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన ఒప్పందం కస్టమర్ల వంటి బయటివారి ప్రవర్తనను కూడా లెక్కలోకి తీసుకుంది. అంటే "కస్టమర్ అన్నాక నాలుగు మాటలు అంటారు, పడాలి" అని యాజమాన్యం సరిపెట్టడం న్యాయం కాదు.

ఇక ఏసీ సంగతి. చల్లగా ఉన్నంత మాత్రాన కాళ్లు నొప్పి పుట్టకుండా ఉండవు. నడుస్తున్నప్పుడు పిక్కల కండరాలు బిగుసుకుంటూ, వదులవుతూ రక్తాన్ని పైకి నెడతాయి. గంటల తరబడి ఒకేచోట నిలబడితే ఆ పని సరిగా జరగక పాదాలు వాస్తాయి, కొందరికి కాలి నరాలు ఉబ్బుతాయి. దుకాణాల్లో పనిచేసేవారికి తగిన కుర్చీలు ఉండాలని, వాటిని వాడుకునే వీలు కల్పించాలని 1964లోనే అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. కాబట్టి కూర్చునే వీలు అడగడానికి మొహమాటపడకండి. అది దొరికేదాకా బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారుస్తూ, క్యూ లేనప్పుడు మడమలు ఎత్తి దించుతూ ఉండండి.

మీవారు మీ పనిని చూడలేదు, ఆయనకు తెలిసింది ఆ నవ్వు ఒక్కటే. అలసిపోయి వచ్చిన రాత్రి ఆయనకు సంజాయిషీ చెప్పవద్దు, మాట గొడవలోకి వెళుతుంది. వారపు సెలవు రోజున తీరిగ్గా కూర్చుని, మీ షిఫ్టులోని ఆఖరి గంట ఒక్కటే వర్ణించి చెప్పండి: క్యాష్ లెక్కపెట్టడం, ఓపెనింగ్ క్యాష్‌తో (షిఫ్టు మొదట్లో కౌంటర్‌లో ఉంచిన డబ్బుతో), కార్డు చెల్లింపులతో సరిచూడటం, చిన్న తేడా వచ్చినా మొదటినుంచీ మళ్లీ లెక్కించడం, ఆ తేడా మీ జీతంలోంచి పోతుందేమోనన్న భయం. ఆ తర్వాత, ఇంటికి రాగానే అరగంట సేపు మిమ్మల్ని ఎవరూ కదిలించకుండా చూడమని సూటిగా అడగండి. ఆ అరగంట పాపను ఆయన చూసుకోవాలి. పాపకు కూడా "అమ్మ అలసిపోయింది, నీ మీద కోపం లేదు, కాసేపయ్యాక వస్తాను" అని చెప్పి, చెప్పినట్టే వెళ్లండి. పిల్లలు మన అలసటను అర్థం చేసుకోగలరు, కారణం తెలియని మౌనాన్ని మాత్రం తమ తప్పే అనుకుంటారు.

రెండు మూడు వారాల్లో నిద్ర కుదుటపడకపోతే డాక్టర్‌ను కలవండి. రాత్రి స్టోర్ మూసేదాకా ఉండి మర్నాడు తెరిచే వేళకే రావలసిన షిఫ్టులు పడుతుంటే, ముందు వాటిని మార్చమని అడగండి, నిద్రలేమికి కొంత కారణం అక్కడ కూడా ఉండవచ్చు.

ఉద్యోగం మానాలా వద్దా అన్నది ఇంతటి అవమానం జరిగిన వెంటనే తేల్చుకునే విషయం కాదు. మీరు రాసిచ్చిన ఫిర్యాదుకు మేనేజర్ ఏం చేస్తారో చూడండి. ఆయన మీ పక్షాన నిలబడి, షిఫ్టులు ముందుగా చెబుతూ, విచారించకుండా క్యాష్ తేడాను మీ మీద రుద్దకుండా ఉంటే ఈ పనిలో కొనసాగవచ్చు. అవేవీ జరగకపోతే, జీతం ఆగకుండానే వేరే చోట వెతకడం మొదలుపెట్టండి. రాజీనామా ఇచ్చేటప్పుడు మీకు రావలసిన జీతం, సెలవుల లెక్క తేల్చుకుని, అనుభవ పత్రం చేతికి తీసుకున్నాకే బయటికి రండి.